స్టీరియో వెనుక నీలం వైరు

కారుతో వచ్చిన కంపెనీ స్టీరియో తీయించి, దాని చోట పెద్ద టచ్ స్క్రీన్ సెట్టు పెట్టించడం ఇప్పుడు కర్నూలులోనూ కడపలోనూ గంటా రెండు గంటల పని. పాటలు బ్రహ్మాండంగా వస్తాయి, మ్యాపు కనిపిస్తుంది, బండి వెనక్కి తీసేటప్పుడు కెమెరా పనిచేస్తుంది. ఎప్పుడో ఊరు దాటి వెళ్లినప్పుడు ఒక లోటు బయటపడుతుంది. రేడియో పలకదు. కర్నూలులో బయల్దేరినప్పుడు శుభ్రంగా వినిపించిన స్టేషను ఓర్వకల్లు చేరేలోపే గరగరలాడి ఆగిపోతుంది. పాత సెట్టు ఉన్నప్పుడు అదే స్టేషను ఇంకా చాలా దూరం తోడొచ్చేది. దుకాణంలో అడిగితే "మన పక్క సిగ్నలే అంతంత మాత్రం సార్" అంటారు. సిగ్నలు నిరుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. చాలా బండ్లలో అసలు కారణం ఆ స్క్రీను వెనుకే దొరుకుతుంది: ఎక్కడా కలపకుండా, కొసన టేపు చుట్టి వదిలేసిన నీలం వైరు.

ఒకప్పుడు ఆ వైరు పని మోటారుతో యాంటెన్నాను పైకి లేపడం. ఇప్పుడు దాని పని యాంటెన్నా అడుగున ఉండే చిన్న ఆంప్లిఫయర్‌కు కరెంటు అందించడం. హైదరాబాదు లాంటి నగరంలో దాన్ని కలపకపోయినా చాలామందికి తెలియదు, ఎందుకంటే అక్కడ స్టేషన్లు నెత్తిమీదే ఉన్నాయి. ఊరికీ ఊరికీ మధ్య పదుల కిలోమీటర్ల మెట్ట భూమి ఉన్న మన రాయలసీమలో మాత్రం ఆ ఒక్క వైరుతోనే రేడియో ఉందో లేదో తేలిపోతుంది.

ఏ రంగు దేనికి

డ్యాష్‌బోర్డులో స్టీరియో కూర్చునే గూటికి జర్మనీలో ఖరారైన కొలత 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. తర్వాత అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఎత్తు రెట్టింపై 100 మిల్లీమీటర్లయితే దుకాణాల్లో 'డబుల్ డిన్' అంటారు. 9, 10 అంగుళాల తెరలకైతే బండి మోడలును బట్టి విడిగా ఫ్రేము దొరుకుతుంది. గూడు కుదరడం పెద్ద సమస్య కాదు. చూడాల్సిందంతా వెనుక ఉంది.

బయట కొనే సెట్ల వైర్లకు దాదాపు అన్ని కంపెనీలూ పాటించే రంగులున్నాయి. పసుపు డైరెక్ట్ లైను. తాళం తీసినా బ్యాటరీ నుంచి 12 వోల్టులు వస్తూనే ఉంటాయి. సెట్టు గడియారాన్నీ, దాచుకున్న స్టేషన్లనీ గుర్తుంచుకునేది దీనివల్లే. ఎరుపు ఇగ్నిషన్ లైను, తాళం తిప్పినప్పుడే కరెంటు వస్తుంది. నలుపు ఎర్త్. నారింజ రంగుది రాత్రి హెడ్‌లైట్లు వేసినప్పుడు తెర వెలుగు తగ్గించడానికి. పసుపు, ఎరుపు అటూ ఇటూ అయితే తాళం తీసిన ప్రతిసారీ సెట్టు అన్నీ మరిచిపోయి మళ్లీ మొదటికొస్తుంది. రెండింటినీ కలిపి డైరెక్ట్ లైనుకు ఇస్తే తాళం తీసినా సెట్టు నిద్రపోదు, బ్యాటరీ దిగిపోతుంది.

ఈ రంగులు కొత్త సెట్టు వైపు మాత్రమే. కారు వైపు వచ్చే వైర్ల రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. కాబట్టి రంగుకు రంగు కలిపే మెకానిక్‌ని అక్కడే ఆపాలి. ప్రతి వైరునూ మల్టీమీటరు పెట్టి, తాళం తిప్పి ఒకసారి, తీసి ఒకసారి చూడాలి. అంతకన్నా మంచిది, మీ మోడలు కోసమే అమ్మే కప్లర్ వైరింగ్ అడగడం. ఒక కొస కారు కప్లర్‌లో, రెండో కొస సెట్టు కప్లర్‌లో దూరిపోతాయి, కంపెనీ వైరు ఒక్కటీ కోయనక్కర్లేదు. కొద్దిపాటి ఖర్చు మిగుల్చుకోవడానికి కప్లర్ కోయించుకోవడం ఈ పని మొత్తంలో అన్నిటికంటే చెడ్డ బేరమని నా అభిప్రాయం. ఒకసారి కోసిన వైరు మళ్లీ పాత స్థితికి రాదు, బండి అమ్మేటప్పుడు పాత సెట్టు తిరిగి పెట్టడమూ కుదరదు.

స్పీకర్లకు ఎనిమిది వైర్లు. తెలుపు, బూడిద ముందు డోర్లకు, ఆకుపచ్చ, ఊదా వెనక్కి. ఒక్కోదానికి నల్లగీత ఉన్న జత ఉంటుంది. ఆ నల్లగీత వైరును చూసి ఎర్త్ అనుకొని బాడీకి కలిపితే సెట్టు లోపలి ఐసీ కాలిపోతుంది. దీని వెనుక చక్కని లెక్క ఉంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో దొరికేది 14.4 వోల్టులు. స్పీకరు ఒక కొస ఎర్త్‌కు కట్టి రెండో కొసను మాత్రమే ఆడిస్తే, 4 ఓముల స్పీకరుకు ఆదర్శ లెక్కలో కూడా 6.5 వాట్లు మించవు. అందుకని ఇప్పటి సెట్లు స్పీకరు రెండు కొసల్నీ ఆడిస్తాయి. ఒకటి పైకి పోతుంటే రెండోది కిందికి వస్తుంది. వోల్టేజి రెట్టింపు, శక్తి నాలుగింతలు, అంటే సుమారు 26 వాట్లు. ఆచరణలో 20 దాకా దక్కుతాయి. అట్టపెట్టె మీద '50 వాట్లు, నాలుగు' అని రాసి ఉంటే అది ఒక్క క్షణం తాకే గరిష్ఠం. 10 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న సెట్టు 14.4 వోల్టుల మీద 144 వాట్లకు మించి నిలకడగా లాగలేదు, మరి 200 వాట్లు ఎక్కణ్నుంచి బయటికిస్తుంది?

ఇక మిగిలింది నీలం. చాలా సెట్లలో రెండు నీలాలుంటాయి. ఉత్త నీలం యాంటెన్నాకు. తెల్లగీత ఉన్న నీలం విడిగా పెట్టుకునే ఆంప్లిఫయర్‌ను మేల్కొల్పడానికి. మొదటిదాంట్లో, ఎక్కువ సెట్లలో, రేడియో వింటున్నప్పుడే 12 వోల్టులొస్తాయి. రెండోదాంట్లో సెట్టు ఆన్‌లో ఉన్నంతసేపూ వస్తాయి. అంటే మోటారు యాంటెన్నాను తెల్లగీత వైరుకు కలిపితే పెన్‌డ్రైవ్‌లో పాటలు వింటున్నా అది పైకి లేచి నిలబడుతుంది.

పైకి లేచే యాంటెన్నా

తాళం తిప్పి రేడియో పెట్టగానే ఫెండరులోంచి మెరుస్తూ పైకొచ్చే యాంటెన్నాను 1990లలో రోడ్డు పక్కన నిలబడి చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పుణెలో 1995 నుంచి తయారైన మెర్సిడెస్ కార్లలో అది వెనుక ఫెండరులో ఉండేది. బయటి దుకాణాల్లో విడిగా కొని బిగించుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ బండ్లను ఇవాళ ప్రేమగా పునరుద్ధరించుకుంటున్న వాళ్లకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఈ భాగమే.

ఫెండరు లోపల ఒక చిన్న మోటారు, గేరు, పళ్లున్న నైలాన్ తీగ చుట్టుకునే డ్రమ్ము ఉంటాయి. నైలాన్ తీగ కొస, ఒకదాన్లో ఒకటి దూరే గొట్టాల్లో అన్నిటికన్నా సన్నదానికి తగిలించి ఉంటుంది. మోటారు తిరిగితే తీగ పైకి తోస్తుంది, గొట్టాలు ఒక్కొక్కటే సాగుతాయి. పూర్తిగా లేచాక లోపలి క్లచ్ జారడంతోనో, స్విచ్ తెగడంతోనో మోటారు ఆగుతుంది. రేడియో కట్టేస్తే రిలే కరెంటు దిశ మారుస్తుంది, మోటారు వెనక్కి తిరుగుతుంది, గొట్టాలు దిగుతాయి.

ఇక్కడ ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. ఎక్కువసార్లు యాంటెన్నా కిందికి దిగేది తాళం తీసేశాక. అప్పటికి ఇగ్నిషన్ లైను చచ్చిపోయి ఉంటుంది. మరి దిగడానికి కరెంటు ఎక్కడిది? డైరెక్ట్ లైనుది. అందుకే దీనికి మూడు వైర్లు కావాలి: ఫ్యూజు ఉన్న డైరెక్ట్ లైను ఒకటి, ఎర్త్ ఒకటి, స్టీరియో నుంచి వచ్చే నీలం ఒకటి. వైర్లు తగ్గించే తొందరలో మొదటిదాన్ని ఇగ్నిషన్‌కు కలిపారనుకోండి, యాంటెన్నా చక్కగా లేస్తుంది గానీ తాళం తీశాక ఇక దిగదు. బండి ఆపి వెళ్లినా నిటారుగా నిలబడే ఉంటుంది. సందులో పిల్లల చేతికి వంగిపోయే యాంటెన్నాల్లో కొన్నిటి కథ ఇదే.

నీలం వైరు మోటారును తిప్పదు. పొలంలో బోరు మోటారు స్టార్టరు మీద ఆకుపచ్చ బటన్ ఎలాంటిదో ఇదీ అలాంటిది: నొక్కితే లోపల కాంటాక్టరు పడుతుంది, మోటారుకు పోయే అసలు కరెంటు వేరే దారిన పోతుంది. స్టీరియోల నీలం వైరు సాధారణంగా 300 నుంచి 500 మిల్లీఆంపియర్లు మాత్రమే ఇవ్వగలదు. మోటారుకు కొన్ని ఆంపియర్లు కావాలి. రెండింటినీ నేరుగా కలిపితే సెట్టు లోపలి ట్రాన్సిస్టరు పోతుంది, ఆ తర్వాత ఆ సెట్టు ఏ యాంటెన్నానీ లేపలేదు. యాంటెన్నాలోనే రిలే ఉంటే సరే, లేకపోతే బయట పెట్టాలి. కార్ల రిలే కాయిలు 150 మిల్లీఆంపియర్ల ప్రాంతంలో తీసుకుంటుంది కాబట్టి నీలం వైరు దాన్ని తేలిగ్గా మోస్తుంది. నీలం 86కు, ఎర్త్ 85కు, డైరెక్ట్ లైను 30కి, యాంటెన్నాకు పోయేది 87కు. ఈ అంకెలు రిలే అడుగునే అచ్చువేసి ఉంటాయి. రెండే వైర్లున్న ఉత్త మోటారు యాంటెన్నా అయితే ఈ ఒక్క రిలే చాలదు, దిశ మార్చే రిలే సెట్టు కావాలి.

మోటారు తిరిగే శబ్దం వస్తూ గొట్టం కదలకపోతే నైలాన్ తీగ తెగిందని అర్థం. మొత్తం మార్చనక్కర్లేదు, గొట్టం తీగతో సహా విడిగా దొరుకుతుంది. పైనున్న నట్టు విప్పి రేడియో పెడితే మోటారు పాతదాన్ని తానే బయటికి తోసేస్తుంది. కొత్త తీగను పళ్లు సరైన వైపు ఉండేలా రంధ్రంలో దించి, కొంచెం అదిమి పట్టుకొని ఇంకొకరిని రేడియో కట్టేయమంటే, పళ్లు పట్టుకొని సరసర లోపలికి లాక్కుంటుంది. పాత తీగ లోపలే విరిగి ముక్క మిగిలితే మాత్రం డ్రమ్ము విప్పాల్సిందే.

పొట్టి యాంటెన్నా, పొడుగు అల

ఎఫ్‌ఎం 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తుంది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు 3 మీటర్లు. లోహపు తలం మీద నిలబెట్టిన యాంటెన్నాకు ఆ పొడవులో నాలుగో వంతు, అంటే 75 సెంటీమీటర్లు, బాగా సరిపోతుంది. పాత మోటారు యాంటెన్నా నిండుగా లేస్తే దాదాపు ఆ ఎత్తే వస్తుంది. కారు బాడీ దానికి రెండో సగంగా పనిచేస్తుంది. అందుకే యాంటెన్నా మొదట్లో ఉండే పళ్ల వాషరు పెయింటును గీరి ఇనుమును పట్టుకోవాలి. తుప్పు పట్టినా, పెయింటు అడ్డొచ్చినా ఎర్త్ సరిగా అందక, యాక్సిలరేటరు తొక్కే కొద్దీ హెచ్చే కూత రేడియోలో వినిపిస్తుంది.

ఇప్పటి కార్ల పైకప్పు మీద జానెడు రబ్బరు పుల్లో, సొరచేప రెక్క ఆకారమో తప్ప పొడుగు యాంటెన్నా లేదు. పొడవు తగ్గితే అందే సిగ్నలూ తగ్గుతుంది. ఆ లోటు తీర్చడానికి చాలా మోడళ్లలో యాంటెన్నా అడుగునే ఆంప్లిఫయర్ పెట్టారు. కంపెనీ స్టీరియో దానికి నీలం వైరు బాపతు లైను ద్వారా కరెంటు ఇచ్చేది. కొత్త సెట్టు పెట్టేటప్పుడు మెకానిక్ యాంటెన్నా కేబులు గుచ్చుతాడు, స్టేషను పలుకుతుంది, పని అయిపోయిందనుకుంటాడు. ఆంప్లిఫయర్‌కు మాత్రం కరెంటు అందదు. కరెంటు లేని ఆంప్లిఫయర్ ఊరికే ఉండదు, వచ్చే సిగ్నలును అడ్డుకుంటుంది. మామూలు పుల్ల యాంటెన్నా కన్నా అధ్వానంగా తయారవుతుంది. ఊళ్లోని బలమైన స్టేషను ఆ అడ్డును దాటి వస్తుంది కాబట్టి దుకాణం ముందు లోపం తెలియదు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్లలోనైతే ఈ కరెంటు యాంటెన్నా కేబులులోనే వెళ్తుంది. వాటికి నీలం వైరు తోక ఉన్న ప్రత్యేకమైన అడాప్టరు వేయాలి.

మన దారుల మీద దీని తీవ్రత ఎందుకు ఎక్కువో చూడండి. ఎఫ్‌ఎం అలలు దాదాపు చూపు మేర వరకే పోతాయి. 100 మీటర్ల టవరు, నేలకు 1.5 మీటర్ల ఎత్తున కారు యాంటెన్నా అనుకుంటే, భూమి వంపు లెక్కన చదునైన నేల మీద ఆ దూరం సుమారు 46 కిలోమీటర్లు. కర్నూలు నుంచి పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడపకు 40వ నంబరు జాతీయ రహదారి దాదాపు 200 కిలోమీటర్లు. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల. దారిలో ఎక్కువ భాగం ఏదో ఒక టవరుకు అంచులోనే ఉంటుంది. అంచులో వచ్చే పలచని సిగ్నలును నిలబెట్టేది ఆ చిన్న ఆంప్లిఫయరే.

ఆకాశవాణి కడప విషయం వేరు. 1963లో మొదలైన ఆ కేంద్రం పేరు చెబితే పాత శ్రోతలకు గుర్తొచ్చేది మీడియం వేవ్, 900 కిలోహెర్ట్జ్. దాని అల పొడవు 333 మీటర్లు. మీడియం వేవ్ పగటిపూట నేలను పట్టుకొని కొండ వెనక్కి కూడా వెళ్తుంది, అందుకే అటు నంద్యాల చేలల్లో, ఇటు పులివెందుల తోటల్లో ఒకే గొంతు వినపడేది. ఎండి రాయి తేలిన నేల ఆ అలను త్వరగా మింగేస్తుంది, తడి నేల దూరం పోనిస్తుంది. ఇంత పొడుగు అల ముందు కారు యాంటెన్నా ఎంతున్నా పొట్టిదే. 75 సెంటీమీటర్ల పుల్ల కెపాసిటెన్సు 10 పికోఫారడ్ల పాటిది. దానికి మామూలు టీవీ కేబులు అతికించి పొడిగిస్తే, మీటరుకు 50 పికోఫారడ్ల పైచిలుకు ఉండే ఆ కేబులే సిగ్నలును తాగేస్తుంది. కారు రేడియోకు ప్రత్యేకమైన తక్కువ కెపాసిటెన్సు కేబులు వాడేది ఇందుకే. టీవీ కేబులుతో అతుకు వేస్తే ఎఫ్‌ఎం పలకవచ్చు, మీడియం వేవ్ పడిపోతుంది. ఇంకో మాట: చవక టచ్ స్క్రీన్ సెట్లలో కొన్నిటికి అసలు ఏఎం బ్యాండే ఉండదు. ఆకాశవాణి వినే అలవాటున్న ఇంట్లో ఈ సంగతి డబ్బు చెల్లించకముందే చూసుకోవాలి.

ఎండ, దుమ్ము

మన దగ్గర వేసవిలో 44 డిగ్రీలు కొత్త కాదు. మనలాంటి పొడి ప్రాంతమే అయిన అమెరికాలోని అరిజోనాలో, ఎండలో నిలిపిన కార్లను పరిశోధకులు కొలిచి 2018లో ఫలితాలు ప్రకటించారు. గంటసేపట్లో కారు లోపలి గాలి సగటున 47 డిగ్రీలకు, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరాయి. ఆ డ్యాష్‌బోర్డు కిందే మన వైర్ల అతుకులున్నాయి.

రెండు వైర్లు మెలేసి నల్లటేపు చుట్టిన అతుకును రెండు వేసవులు గడిచాక విప్పి చూస్తే టేపు జిగురు కరిగి వేళ్లకు అంటుకుంటుంది. టేపు వదులై, తొడుగులా జరిగి రాగి బయటపడి ఉంటుంది. గతుకుల్లో ఊగే అలాంటి రాగి బాడీకి తగిలితే, అది పసుపు వైరైతే ఫ్యూజు పోతుంది. ఫ్యూజు లేకుండా లాగిన లైనైతే పొగ వస్తుంది. స్పీకరు వైరైతే ఐసీ పోతుంది. టంకం వేసి హీట్ ష్రింక్ స్లీవు తొడిగించాలి, లేదా మంచి క్రింప్ కనెక్టర్లు వాడించాలి. కొద్దిసేపటి పని, కొద్దిపాటి ఖర్చు. దీని దగ్గర పట్టుపట్టండి.

దుమ్ముది మోటారు యాంటెన్నాతో తగువు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు తిరిగే బండ్ల మీద పేరుకునే రాతిపొడి, సిమెంటు పొడి గొట్టాల సందుల్లో చేరుతుంది. బిగుసుకుందని ఇంజనాయిలు రాస్తే అది దుమ్ముతో కలిసి ఉప్పుకాగితంలా రాపిడి పెడుతుంది, నైలాన్ పళ్లు అరుగుతాయి. వారానికోసారి పూర్తిగా లేపి పొడిగుడ్డతో తుడవడమే మేలు.

గరగర ఉన్నప్పుడు యాంటెన్నాను అనుమానించే ముందు డ్యాష్‌కామ్, సిగరెట్ సాకెట్‌లో పెట్టిన చవక చార్జరు పీకి చూడండి. వాటి స్విచింగ్ సర్క్యూట్లు ఎఫ్‌ఎం బ్యాండులో బాగా అల్లరి చేస్తాయి. నీలం వైరును డైరెక్ట్ లైనుకు కలిపి చేతులు దులుపుకునే పద్ధతి కూడా ఒకటుంది. రేడియో పలుకుతుంది, నిజమే. ఆంప్లిఫయర్ 50 మిల్లీఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, నెలకు 36. చిన్న కారు బ్యాటరీ మొత్తం 35. బండి కదలకుండా ఉంచి ఊరెళ్లి వస్తే స్టార్టు కాదు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి కొన్ని నిమిషాలు ఆగాలి. డ్యాష్‌బోర్డు లోపల పసుపు తొడుగుతో ఉండే కప్లర్లు ఎయిర్‌బ్యాగువి. వాటి మీద టెస్ట్ ల్యాంపు పెట్టనీయకండి. స్టీరింగ్ మీది బటన్లు పనిచేయాలంటే చాలా కొత్త మోడళ్లలో విడిగా ఒక డీకోడరు పెట్టె కావాలి, అది వైరింగ్‌తోపాటే వస్తుందో లేదో అడగండి.

పాత సెట్టు తీయించక ముందే, మీ ఇంటి దగ్గర పలచగా వినిపించే ఒక స్టేషను ఎంచుకొని వినిపెట్టుకోండి. కొత్తది బిగించాక అదే చోట, ఇంజను నడుస్తుండగా, అదే స్టేషను మళ్లీ వినండి. తగ్గితే ఫ్రేము మళ్లీ విప్పించి నీలం వైరు ఎక్కడుందో చూపించమని అడగండి. అది కలిసేదాకా ఆ పనికి డబ్బు పూర్తిగా ఇవ్వకండి.